జాలీకి దీర్ఘం

కొండ మీది డిపో,
రేకుల గది

వదినకి,

ఈ ఉత్తరం సరుకుల లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. దారిలో ఎక్కడా కునుకు తీయకపోతే రేపటికి నీ షాపు గుమ్మంలో ఉంటాడు. ఫోను చేయొచ్చు కదా అంటావు. టవరు పాడైతేనే కదా నన్నిక్కడికి పంపేది? అది బాగయ్యేదాకా ఫోను పలకదు. బాగయ్యాక ఇంకో పాడైన టవరు దగ్గరికి తోలేస్తారు. ఊరందరి ఫోన్లూ పలికిస్తాను, నా ఫోను మాత్రం మూగనోము పట్టి కూర్చుంటుంది.

ఒళ్ళు హూనమైపోయింది వదినా. పొద్దున లేవగానే నిన్నటి అలసట మంచం పక్కనే చెప్పుల్లా సిద్ధంగా ఉంటోంది, కాళ్ళు పెట్టుకుని బయల్దేరడమే.

అసలు సంగతికి వస్తాను. పై ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. వానలు మొదలయ్యేలోపు ప్రతి బండిలోనూ మనుషులకీ సామానుకీ మధ్య ఇనప జాలి బిగించాలట. అది లేని బండి డిపో గేటు దాటకూడదట. కారణం నీకు చెప్పాలి. పక్క డిపో డ్రైవరు లోయ మలుపులో గొర్రెలు అడ్డొస్తే గట్టిగా బ్రేకు వేశాడు. బండి ఆగింది, వెనకనున్న కేబులు చుట్ట ఆగలేదు. అతను నాకు తెలుసు. టీ తాగేటప్పుడు ఊదుకుంటూ జుర్రుమని చప్పుడు చేసేవాడు, నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు మా దగ్గర ఎవరూ చప్పుడు చేస్తూ టీ తాగడం లేదు.

కొట్లో దొరికే తయారు సరుకు మన ముసలి బండికి పట్టదు. దీని పక్కలు వంకర, నేల ఎత్తుపల్లాలు. గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసే వదిన ఇంట్లో ఉండగా నేనెందుకు ఊళ్ళు తిరగాలి? ఒక జాలి చేసి పంపు.

షరతు ఒక్కటే. జాలి వెనక సీటుకి వెనకాల రావాలి, సీటు కదలకూడదు. అది అన్నయ్య సీటు. పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను మాటిచ్చాను కదా, వానలు వెళ్ళాక ఆ సీట్లో కాళ్ళు చాపుకుని పడుకోబెట్టి నాతో తీసుకెళ్తానని. చేతులు నావి, నోరు తనది. ఆ మాట అన్నప్పుడు ఒక్కసారి నవ్వాడు, నువ్వూ చూశావు. సామాను ఈ మధ్య తక్కువే ఉంటోంది, వెనక కొంచెం చోటు మిగిలితే చాలు.

అన్నయ్య ఎలా ఉన్నాడో వివరంగా రాయి. 'బాగానే ఉన్నారు' అని మాత్రం రాయకు.

నీ పొట్టి

*

ఇనప షాపు,
వెల్డింగు బల్ల పక్క స్టూలు

పొట్టీ,

జాలి చేసి పంపమన్నావు. జాలి నా దగ్గర స్టాకు అయిపోయిందే తల్లీ, ఉన్న కాస్తా మీ అన్నయ్యకీ నాకూ చాలడం లేదు. జాలీ కావాలంటే చెప్పు, చేస్తాను. ఒక దీర్ఘం తగిలించడానికి కూడా చెయ్యి రాదా నీకు? చిన్నప్పుడు బడిలో కూడా దీర్ఘాలు మింగేసేదానివట, మీ అన్నయ్య చెప్పి నవ్వారు. ఇదిగో, ఆయన నవ్వారని రాశాను. దాన్నే వివరం అనుకో.

ఇప్పుడు పని మాట. మొదట, జాలీయా రేకా? రేకు వేస్తే గట్టిగా కనబడుతుంది కానీ వెనక అద్దంలో ఏమీ అగుపించదు, పైగా గతుకు వచ్చినప్పుడల్లా డప్పులా మోగుతుంది. గొట్టాల చట్రానికి తీగ జాలీ వెల్డు చేస్తే మేలు. గడులు రెండు వేళ్ళు దూరేటంత ఉండాలి. అంతకన్నా పెద్దవైతే స్పానర్లు వాటిలోంచి నీ తలకాయని వెతుక్కుంటూ వస్తాయి. అల్యూమినియం తేలికే, నేను మాత్రం ఇనుమే వేస్తాను.

రెండోది అసలైంది. జాలీ ఎంత గట్టిదన్నది కాదే, దాన్ని దేనికి బిగించామన్నది చూడాలి. తుప్పు రేకుకి బిగిస్తే ఆ రేకుతో సహా మీద పడుతుంది. మీ బండి నాకు తెలియదా, వెనక సీటు వెనకాల చక్రాల మీద ఉన్నది ఇనుము కాదు, పాత బిస్కెట్టు. ముందు సీట్ల వెనకైతే తలుపుల మధ్య స్తంభాలకి బెల్టు బోల్టులున్న చోట మంచి ఇనుముంది, నేల కూడా గట్టిది. నన్నడిగితే జాలీ అక్కడే ఉండాలి. అలా అయితే వెనక సీటు తీసెయ్యాల్సి వస్తుంది.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు, ఇక్కడ పూర్తి మొగుడూ అక్కడ అర్ధమొగుడూ కలిసి నా ప్రాణం తీస్తున్నారు. సరే, నీ ఇష్టప్రకారమే సీటు వెనకాల చేస్తాను. తుప్పు లేని చోటు వెతికి అడుగున మందం ప్లేట్లు వేద్దాం. టేపుతో కొలిస్తే వంకరలు అందవు. అట్టముక్కలు తీసుకుని బండి లోపలి పక్కలకి ఆనించి, ఆ ఒంపు ప్రకారం కత్తిరించి పంపు.

మీ అన్నయ్య గేటు దాకా నడుస్తున్నారు. కర్ర పట్టుకునే అనుకో, అయినా రోజూ నడుస్తున్నారు. వానలు వెళ్ళేసరికి నీతో పాటు కొండలెక్కేస్తారు చూడు.

నిప్పురవ్వ పడి కాగితం కాలింది, ఆ కన్నం నా సంతకం అనుకో.

వదిన

*

కొండ మీది డిపో,
బండి బానెట్టు మీద రాస్తున్నాను

వదినా,

అట్టముక్కలు కట్టగట్టి పంపుతున్నాను. ఎడమ, కుడి, పైన, కింద అని బొగ్గుతో రాశాను. కుడి పక్క ఒంపు రెండుసార్లు తప్పాను, మూడోది సరైంది.

దీర్ఘాల గొడవ ఇక వదిలెయ్. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే సున్నా చుట్టడమే గగనం, ఇక దీర్ఘం ఎక్కడ తిప్పను? మనలో మనకి ఒక ఒప్పందం. నేను జాలి అని రాస్తే నువ్వు జాలీ అని చదువుకో. ఎలాగూ ఆ రెండోరకం జాలి గురించి నేను ఈ జన్మకి ఉత్తరం రాయను.

గొట్టాల చట్రం, తీగ జాలి, ఇనుము. నువ్వన్నవన్నీ సరే. వెనక అద్దంలోంచి చూడటం నాకు అవసరం. బోల్టుల కింద రబ్బరు వాషర్లు కూడా పంపు, ఆ కిటకిట శబ్దం రోజంతా వింటే పిచ్చెక్కుతుంది. బండికి వెల్డు చెయ్యాల్సిన రకం మాత్రం వద్దు, తీసి పెట్టుకునేలా ఉండాలి.

సీటు సంగతి నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి నేను మళ్ళీ వాదించను. ఒక్క మాట చెబుతాను. నేను నడుపుతుంటే అన్నయ్య వెనక సీట్లో అడ్డంగా పడుకునేవాడు. ఆ పొడుగు మనిషి అందులో ఎలా పట్టేవాడో దేవుడికే తెలియాలి. డిపోలో మమ్మల్ని నిచ్చెన, పొట్టి అనేవాళ్ళు కదా. గతుకు వస్తే 'ఒసేయ్, కొబ్బరికాయలు మోస్తున్నావా, మనుషుల్నా?' అని అరిచేవాడు. అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు గతుకులు గతుకులుగానే పోతున్నాయి, ఎవరూ ఏమీ అనడం లేదు.

అన్నయ్య గేటు దాకా నడుస్తున్నాడంటే చాలా సంతోషంగా ఉంది. చాలా.

నాకేం, బాగానే ఉన్నాను. సామాను తేలిక, పని తేలిక.

పొట్టి

*

ఇనప షాపు

పొట్టీ,

అట్టముక్కలు చేరాయి. ఒంపులన్నీ చక్కగా తీశావు, నా దగ్గర పనికి చేరితే నెలకే మేస్త్రీని చేసేస్తాను. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సామాను తేలిక, సామాను తేలిక అని ప్రతి ఉత్తరంలో ఎందుకు రాస్తున్నావో ఇప్పుడర్థమైంది.

కుడి పక్క అట్ట తిరగేసి చూశావా? అది కొత్త టవరు బ్యాటరీ పెట్టెది. దాని మీద ఒక బొమ్మ ఉంది. ఇద్దరు మనుషులు పెట్టెకి అటొకరు ఇటొకరు నిలబడి ఎత్తుతున్నారు, ఒక్క మనిషి ఎత్తే బొమ్మ మీద పెద్ద అడ్డగీత. ఆ ఇద్దరిలో రెండో మనిషి ఎవరే నీకు? అన్ని అట్టలూ ఆ పెట్టెలవే. అంటే అన్ని బ్యాటరీలు బండిలో ఉన్నాయి. వెనక చోటు చాలదు కాబట్టి కొన్ని ఆ సీటు మీదే పెట్టుకుని తిరుగుతున్నావు, అవునా? జాలీ సీటుకి వెనక, బ్యాటరీలు సీటు మీద, వాటికి ముందు నీ మెడ. దీనికి నేనెందుకు ఒళ్ళు కాల్చుకుని వెల్డింగు చెయ్యాలి?

నీ మీద కోపం రావాలి. రావడం లేదు. నడుం పట్టేసే ఉంటుంది, ఎవరికీ చెప్పకుండా, ఒక్కదానివే ఆ పెట్టెలు ఎత్తుకుంటూ, వాటి మధ్యలో ఒక ఖాళీ చోటు కాపలా కాస్తూ తిరుగుతున్నావని తలుచుకుంటే జాలేస్తోందే. నిజంగా. షాపులో ఎవరూ లేనప్పుడు కూర్చుని ఏడ్చాను, ఇక ఆ మాట మళ్ళీ అడగకు.

చట్రం సగం అయింది. సీటు వెనకాలకే చేస్తున్నాను, చెప్పిన మాట ప్రకారం. ఇంకోసారి ఆలోచించుకుని రాయి.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు.

వదిన

*

డిపో

వదినా,

నాకు జాలి వద్దు. అది లేకుండానే ఇన్నాళ్ళూ కొండలెక్కాను, ఇకముందు కూడా ఎక్కుతాను. ఆ సంగతి నాతో మళ్ళీ ఎత్తకు. అన్నయ్యకి కూడా చెప్పెయ్.

లారీ వెళ్ళిపోతోంది. మిగతావి తర్వాత.

పొట్టి

*

ఇనప షాపు,
పొద్దున, షట్టరు ఇంకా సగమే ఎత్తాను

పొట్టీ,

ఇది నిదానంగా చదువు. కూర్చుని చదువు.

నీ చీటీ అందినప్పుడు నేను చట్రానికి ఆఖరి పక్క అతుకు వేస్తున్నాను. లారీ డ్రైవరు ఇచ్చి వెళ్ళాడు. చదివాను. 'నాకు జాలి వద్దు. అది లేకుండానే ఇన్నాళ్ళూ కొండలెక్కాను.' మన ఒప్పందం ప్రకారం జాలీ అని చదువుకున్నాను. వద్దట! పక్క డిపో డ్రైవరు పోయి నెల తిరగలేదు, ఈవిడ జాలీ లేకుండానే కొండలెక్కుతుందట! చేతిలోని సుత్తి ఎక్కడ విసిరానో నాకే తెలీదు, మధ్యాహ్నం గేట్ల వెనకాల దొరికింది.

మీ అన్నయ్య షాపు వెనక గదిలో కుర్చీలో ఉన్నారు. చప్పుడుకి 'ఏమైంది?' అన్నారు. నేను ఒళ్ళు తెలియని కోపంలో ఉన్నాను. 'మీ చెల్లెలు జాలీ వద్దంటోంది. మీక్కూడా చెప్పమంది' అన్నాను.

ఆయన అడిగారు, 'నా సీటు కోసమేనా?' అని.

నేను మాట తప్పించబోయాను. 'ఆవిడగారికి మొండితనం, మీ వంశంలోనే ఉంది' అన్నాను.

'నన్ను తీసుకెళ్తానందిగా. అందుకే సీటు పట్టుకుని వేలాడుతోంది. నేను ఎక్కనని దానికెవరు చెప్తారు? నువ్వు చెప్పావా?'

'ఎక్కరని మీకెవరు చెప్పారు?' అన్నాను.

'డాక్టరు నీకు చెబుతుంటే నేను తెర ఇవతలే ఉన్నానే. నాకు కాలు పడిపోయింది, చెవులు కాదు.'

నువ్వు ఇప్పుడిది చదువుతూ ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. అవును, డాక్టరు ఆరోజే చెప్పింది. గతుకుల రోడ్ల మీద ప్రయాణం ఇక లేదని, ఇంకోసారి పక్షవాతం వస్తే మనిషి మిగలడని. నేను ఆయనకీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. నువ్వు మాటిచ్చినప్పుడు ఆయన నవ్విన ఆ ఒక్క నవ్వు చూసి నా నోరు పెగల్లేదు. ఆయనేమో అంతా విని కూడా, నాకు ధైర్యంగా ఉండాలని రోజూ గేటు దాకా నడుస్తున్నారు. తిరిగి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని ఎంతసేపు నిలబడతారో నీకు రాయలేదు. నువ్వు కూడా కిందటిసారి వచ్చినప్పుడు ఆయన మంచం దిగడం చూశావు కదా? చూసి, తల తిప్పుకుని, వానలు వెళ్ళాక వెళ్దాం అన్నయ్యా అన్నావు కదా? ముగ్గురికీ తెలుసు. ముగ్గురం ఒకరికోసం ఒకరం దాస్తున్నాం. ఇంత అలిసిపోవడానికి మనం చేసే పనులు కారణం కాదేమో అనిపిస్తోంది.

ఆయన ఇక ఊరుకోలేదు. ముందు సీట్ల వెనక్కి కొత్త చట్రం చెయ్యాల్సిందే అన్నారు. అక్కడి కొలతలు లేవంటే, వీధి చివర ఫర్నిచరు షాపువాళ్ళకి పొట్టి బండిలాంటిదే ఉందిగా, అందులో కొలుద్దాం, నేనూ వస్తాను అన్నారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. నేను ముందు నుంచి టేపు పడితే ఆయన వెనక సీట్లోకి ఎక్కి రెండో కొస పట్టుకుంటానన్నారు. ఎక్కారు. కొలిచాం. తర్వాత దిగడం చేతకాలేదే. కాలు ముందు సీటు కింద ఇరుక్కుపోయింది, తీద్దామంటే ఒళ్ళు తిరగదు. నేను లాగితే ఆయన నొప్పికి అరిచారు. చివరికి సోఫాలు మోసే ఇద్దరు వచ్చి, సోఫాని దించినట్టే మీ అన్నయ్యని కిందికి దించారు. వాళ్ళు 'మెల్లగా, మెల్లగా, మూల తగులుద్ది' అంటున్నారు. ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాక ఆయన చెమట తుడుచుకుని, 'చూశావుగా, ఇదీ నా కొండ ప్రయాణం' అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను మాత్రం అందరి ముందూ ఏడ్చాను.

ఇంటికొచ్చాక నీ చీటీ మళ్ళీ తీశాను. ముందు రాసిన నా ఉత్తరంలో జాలేస్తోందని నేనన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు ఈసారి దీర్ఘం మింగలేదు. ఆ రెండోరకం గురించే రాశావు, జన్మకి రాయనన్నదాని గురించి. చెప్తే మీ అన్నయ్య 'ఏదైతేనేం, అది వద్దన్నదే నిజం, నువ్వు చదివిందీ నిజమే' అన్నారు. నాకు ఆ మాట సగమే అర్థమైంది.

కొత్త జాలీ ఈ లారీలో వస్తోంది. పక్క పట్టీలకి పొడుగు కన్నాలు పెట్టాను, అటూ ఇటూ జరిపి సరిచేసుకోవచ్చు. పైన కప్పుకీ దీనికీ మధ్య చెయ్యి దూరకూడదు. కింద మందం ప్లేట్లు బండి అడుగు నుంచి పెట్టి బిగించు. జాలీ ఉంది కదా అని సామాను కట్టడం మానెయ్యకు, తాళ్ళు తాళ్ళే, జాలీ జాలీయే. బ్యాటరీలు అడుగున, జాలీకి ఆనించి పెట్టు, ఎగిరి వచ్చి కొట్టకుండా.

మిగతాది ఆయనే రాస్తానన్నారు. ఎడమచేత్తో రాశారు, ఒక్కపేజీకి మూడు రోజులు పట్టింది. కళ్ళు చిట్లించి చదువుకో.

నీ మీద నాకు జాలి లేదు. పొరపాటున రాశాను. ప్రేమ అని రాయడానికి సిగ్గేసి అలా రాశాను.

వదిన

*

(అదే కవరులో)

పొట్టీ,

సీటుకి నాలుగు బోల్టులు. ముందువి రెండూ సులువుగా వస్తాయి. వెనక ఎడమది తుప్పు పట్టి ఉంటుంది, బలవంతం చేస్తే తల విరుగుతుంది. డీజిల్లో ముంచిన గుడ్డ దాని మీద పెట్టి ఒక పూట ఆగు. తర్వాత స్పానరు మీద పడుకుని తిప్పు. నువ్వు పొట్టి, కాలితో తొక్కి తిప్పొచ్చు.

సీటు అడుగున నా టార్చిలైటు, ఒక సాక్సు, ఇంకేమన్నా ఉండొచ్చు. పారెయ్.

నా సీటు, నా సీటు అని ఊరంతా టముకు వేయకు. దాని మీద నా పేరు రాసి లేదు. కంపెనీ సీటు, కంపెనీ గోదాములో పడేస్తే వాళ్ళే చూసుకుంటారు.

మాటిచ్చానని బాధపడకు. నువ్వు మాటిచ్చినప్పుడే అది జరగదని నాకు తెలుసు. అయినా బాగుంది వినడానికి. చాలా రోజులు దాంతోనే గడిపాను. ఇప్పుడు తిరిగి ఇచ్చేస్తున్నాను.

ఆ డ్రైవరు సంగతి విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఈ కుర్చీలో కూర్చుని రోజంతా నువ్వు బ్రేకు వెయ్యడమే కనిపిస్తోంది. నీ వెనక నేను ఉండటం కన్నా ఇనుము ఉండటం మంచిది. బిగించి రాయి. బిగించాక ఖాళీ రోడ్డు చూసి ఒకసారి గట్టిగా బ్రేకు వేసి రాయి.

చెయ్యి నొప్పెడుతోంది.

అన్నయ్య

*

కొండ మీది డిపో,
వాన పడుతోంది

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ వదినకే రాశాను, నీకు రాయలేదు. రాస్తే అబద్ధం రాయాలి, నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఇప్పుడు రాయడానికి అడ్డేమీ లేదు.

వెనక ఎడమ బోల్టు నువ్వన్నట్టే మొరాయించింది. డీజిల్ గుడ్డ పెట్టి పూట ఆగాను. ఆ పూటంతా బండిలోనే, సీట్లోనే కూర్చున్నాను. వాన మొదలైంది. టీ తెచ్చుకుని అక్కడే తాగాను. తర్వాత కాలితో తొక్కాను, కిర్రుమని వచ్చేసింది. అది రాకూడదనే నేను కోరుకున్నాను. విరిగితే బాగుండు, ఇక కుదరదని వదినకి రాసెయ్యొచ్చు అనుకున్నాను. వచ్చేసింది.

సీటు కిందికి దించడానికి లారీ డ్రైవరు సాయం పట్టాడు. బొమ్మలో ఉన్నట్టు అటొకరం ఇటొకరం. గోదాం వరండాలో పెట్టాక అతను వెళ్ళిపోయాడు. నేను వెళ్ళలేదు. ఏడ్చాను అన్నయ్యా, బాగా. నోరు తెరిచి ఏడ్చాను. వాన చప్పుడులో ఎవరికీ వినిపించి ఉండదు. వినిపించినా నాకేం నష్టం లేదు.

నువ్వు మాట తిరిగి ఇచ్చేశానన్నావు. తీసుకోవడం కష్టంగా ఉంది. నువ్వు రావని నాకు ఆ మంచం దగ్గరే తెలిసింది. అయినా వెనక సీటు ఖాళీగా ఉన్నంతకాలం నేను ఒక్కదాన్నే పని చేస్తున్నట్టు అనిపించేది కాదు. నువ్వు ఇంకా ఎక్కలేదు, ఎక్కుతావు, అంతే అనుకునేదాన్ని. బ్యాటరీలు ఆ సీటు మీద పెట్టినప్పుడు కూడా, పక్కకి జరిపి నీ తల పెట్టుకునే వైపు ఖాళీగా ఉంచేదాన్ని. ఇది వదినకి చెప్పకు. చెప్పినా సరేలే.

జాలీ బిగించడం చెబుతాను, అదే నీకు ఇష్టం. వదిన పెట్టిన పొడుగు కన్నాలు దేవుడి దయ. కుడి పక్క కాస్త జరిపితే స్తంభంలోని బెల్టు బోల్టుకి సరిగ్గా దొరికింది. నేల మీద రెండు చోట్ల డ్రిల్లు వేశాను, అడుగున పడుకుని ప్లేట్లు పెట్టాను, బురదంతా వీపుకే. పైన కప్పుకీ చట్రానికీ మధ్య నా చెయ్యి దూరలేదు, నా చెయ్యే దూరకపోతే ఇంకేదీ దూరదు. రబ్బరు వాషర్లు వేశాను. పట్టుకుని ఊపితే బండే ఊగింది తప్ప అది కదల్లేదు. వెనక ఇప్పుడు బోలెడంత చోటు. బ్యాటరీలన్నీ నేల మీద, జాలీకి ఆనించి, తాళ్ళు వేసి. ఈ నెలలో మొదటిసారి ఏదీ ఎక్కడా ఇరికించకుండా సర్దాను.

ఇంకో మాట. పెట్టెలు ఎత్తడానికి మనిషి కావాలని పై ఆఫీసుకి రాశాను. ఇన్నాళ్ళూ రాయలేదు, రాస్తే నీ స్థానంలో ఎవరినో వేస్తారని భయం. వేస్తారు. వేయనీ. కొత్త మనిషి నా పక్కన ముందు సీట్లో కూర్చుంటాడు, గతుకులకి నన్ను తిట్టే హక్కు మాత్రం ఇవ్వను.

నువ్వు చెప్పినట్టు ఖాళీ రోడ్డు చూసుకున్నాను. టవరు కింది వాలు, ఎదురుగా ఎవరూ లేరు. వేగం అందుకుని, కళ్ళు మూసుకోకుండా, మొత్తం కాలు పెట్టి బ్రేకు తొక్కాను. బండి అడ్డంగా జారి ఆగింది. వెనక సామాను ఒక్కసారి ముందుకు తోసుకొచ్చి జాలీని గుద్దుకుంది, పెద్ద చప్పుడు. ఆ చప్పుడుకి నేను ఠక్కున వెనక్కి తిరిగి, 'తగిలిందా అన్నయ్యా?' అని అడిగాను.

కాసేపు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. వాన పడుతోంది. తర్వాత ఒళ్ళంతా తడిమి చూసుకున్నాను, మెడ, వీపు, తల వెనక. నువ్వు అడుగుతావని.

నాకేం తగల్లేదు అన్నయ్యా. నువ్వు పడుకో.

పొట్టి